నోట్‌బుక్‌లో నన్ను నేను ప్రశ్నించుకుంటే సరిపోతుందా, కోచ్ దగ్గరికి వెళ్లాలా?

లలిత_మారతహళ్ళి · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది అనంతపురం, పదకొండేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్‌గా చేస్తున్నాను. ఈ ఏప్రిల్‌లో మేనేజర్ పోస్టు నాకే వస్తుందని టీమ్‌లో అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను, చివరికి నాకన్నా రెండేళ్లు వెనక చేరిన అబ్బాయికి ఇచ్చారు. అతని మీద నాకు కోపం లేదు, పని బాగా చేస్తాడు. ఆ వారం నుంచి బాబు పడుకున్నాక రోజూ అరగంట ఒక నోట్‌బుక్ ముందు పెట్టుకుని ప్రశ్నలు రాసుకుని జవాబులు రాసుకుంటున్నాను. ఐదు నెలలైంది, రెండు నోట్‌బుక్‌లు నిండాయి.

మొదటి నెల చాలా ఉపయోగపడింది. మీటింగ్‌లో ఏం చెప్పాలన్నా "చిన్న విషయమే కానీ" అని మొదలుపెడతానని రాసుకుంటేనే తెలిసింది, ఆ మాట మానేశాను, మానేశాక తేడా కూడా కనిపించింది. కానీ మూడో నెల నుంచి రాసిందే రాస్తున్నాను. నిన్న ఆదివారం కూర్చుని రెండు నోట్‌బుక్‌లూ మొదటి నుంచి చదివితే "నన్నెందుకు గుర్తించడం లేదు" అన్న ప్రశ్న ముప్పైసార్లకు పైగా ఉంది. కింద జవాబులు కూడా దాదాపు అవే మాటలు.

ఇందిరానగర్‌లో ఒక కోచ్ గురించి ఫ్రెండ్ చెప్పింది, అంటే ఉద్యోగం, జీవితం గురించి ప్రశ్నలు అడిగి మన జవాబు మనమే వెతుక్కునేలా చేసేవాళ్లు. ఆరు సెషన్లకు 48 వేలు. మా ఆయన "నీ గురించి నీకన్నా ఆవిడకు ఎక్కువ తెలుసా" అన్నారు. ఇంటి లోను, బాబు ఫీజు అన్నీ ఉన్నాయి కాబట్టి ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. రెండు దారులూ చూసినవాళ్లు ఎవరైనా చెప్తారా? ఊరికే ఖర్చు అయితే వద్దనే చెప్పండి.

కిరణ్_కేఆర్‌పురం · సోమవారం, రాత్రి 11:52

అక్కా, నా మాట వింటే ఆ 48 వేలు అలాగే ఉంచు. కోచ్‌లు ఎక్కువమంది వాడేది గ్రో పద్ధతి, దాంట్లో ఉన్నవి నాలుగే ప్రశ్నలు: నాకేం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నాను, ఏయే దారులున్నాయి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తాను. జాన్ విట్మోర్ అని బ్రిటన్‌లో కారు రేసులు నడిపినాయన 1992లో పుస్తకం రాసి దీన్ని ఆఫీసుల్లో బాగా పాపులర్ చేశాడు. ఆయనకన్నా ముందు 1974లోనే టిమోతీ గాల్వే టెన్నిస్ నేర్పిస్తూ, ఆటగాడికి పక్కనుంచి సూచనలు ఇచ్చేకొద్దీ ఆట బిగుసుకుపోతుంది, బంతిని గమనించేలా చేస్తే చాలు అదే కుదురుకుంటుంది అని రాశాడు. అంటే మొదటి నుంచీ వాళ్లు చెప్తున్నది జవాబు ఆటగాడిలోనే ఉందని. నాలోనే ఉన్నదాన్ని బయటికి తీయడానికి సెషన్‌కు ఎనిమిది వేలు దేనికి?

మా దగ్గర బగ్ దొరక్కపోతే టేబుల్ మీద రబ్బరు బాతు పెట్టుకుని దానికి కోడ్ లైన్ లైన్‌గా వివరిస్తాం. సగం చెప్పేసరికే తప్పెక్కడుందో మనకే తెలిసిపోతుంది. నేను పోయినేడు ఉద్యోగం మారాలా వద్దా అన్నది అలాగే తేల్చుకున్నాను, రోజూ మెట్రోలో కేఆర్ పురం నుంచి ఎంజీ రోడ్ దాకా ఫోన్‌లో నాతో నేను మాట్లాడి రికార్డు చేసుకుని, వారం తర్వాత వినేవాణ్ణి. మారలేదు. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం మార్చు. "ఎందుకు" అన్న ప్రశ్న తీసేసి "ఏమిటి"తో అడుగు. టాషా యూరిక్ అనే సైకాలజిస్ట్, తమ గురించి తమకు బాగా తెలిసినవాళ్ల ఇంటర్వ్యూలు చూస్తే వాళ్లు ఎందుకు అని తక్కువగా, ఏమిటి అని చాలా ఎక్కువగా అడుగుతున్నారని తేలింది. "నన్నెందుకు గుర్తించరు" అంటే మనసు ఏదో ఒక కారణం అల్లి ఇచ్చేస్తుంది, నిజమా కాదా తేలదు. "పోయిన రివ్యూలో నేనేం చెప్పాను, ఏం చెప్పలేదు" అని అడిగితే జరిగింది రాయాలి, అల్లడానికి కుదరదు.

సందీప్_హెచ్ఎస్ఆర్ · మంగళవారం, ఉదయం 7:40

నా అనుభవం చెప్తాను, ఎవరి పేరూ పెట్టను. రెండేళ్ల క్రితం మా చిన్న కంపెనీ మూతపడే స్థితిలో ఉన్నప్పుడు ఒకాయన దగ్గర చేరాను. మూడు నెలల ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టించుకున్నారు, "నీ ఆదాయం రెట్టింపు చేసి చూపిస్తా" అన్నారు. ప్రతి సెషన్‌లో గంటలో నలభై నిమిషాలు ఆయన ఎలా పైకొచ్చారో చెప్పారు, మిగిలిన ఇరవై నిమిషాలు నేనేం చేయాలో చెప్పారు. ఒక్క ప్రశ్న కూడా అడిగినట్టు గుర్తు లేదు. కంపెనీ మూసేశాను, ఆ డబ్బుతో ఇద్దరికి ఇంకో నెల జీతం ఇచ్చి ఉండేవాణ్ణి, ఇప్పటికీ అదే బాధ. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదని తర్వాతే తెలిసింది. లలిత గారూ, వెళ్లొద్దని అనను. హామీ ఇచ్చేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

మూర్తి_మైలాపూర్ · మంగళవారం, ఉదయం 9:15

అమ్మా లలితా, నేను 36 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరై చెన్నైలో ఉంటున్నాను. కోచింగ్ గురించి నాకు పెద్దగా తెలియదు, మా అబ్బాయి కంపెనీలో పెట్టారంటే విన్నాను. బ్యాంకులో ఒక నియమం ఉంది. ఎంట్రీ వేసినవాడు ఆ ఎంట్రీని తనే పాస్ చేయకూడదు. వేసేవాడు మేకర్, చూసేవాడు చెకర్. సేఫ్‌కు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర చెరొకటి. మనవాడు దొంగ అని కాదమ్మా ఈ నియమం. సాయంత్రం క్యాష్ టాలీ అవ్వనప్పుడు 6 అని రాయాల్సిన చోట 9 అని రాసినవాడు పదిసార్లు చూసినా దాన్ని 6 అనే చదువుతాడు. పక్క సీటు మనిషి వచ్చి ఒక్క చూపులో పట్టుకుంటాడు. పక్కవాడు తెలివైనవాడు కానక్కర్లేదు, రాసిన చెయ్యి అతనిది కాకపోతే చాలు.

నీ ముప్పై పేజీల్లో ఎక్కడో ఒక 9 ఉందని నాకనిపిస్తోంది.

ఇంకో మాట. తిరువణ్ణామలై ఏడాదికి రెండుసార్లు వెళ్తుంటాను. నేనెవరు అని లోపలికి తిరిగి ప్రశ్నించుకోవడం కన్నా పెద్ద స్వయం విచారణ ఏముంది? ఆ ఉపదేశం అక్షరాల్లోకి వచ్చింది మాత్రం 1902లో శివప్రకాశం పిళ్లై అనే రెవెన్యూ ఉద్యోగి కొండకు వెళ్లి ప్రశ్నలు అడిగితే. రమణ మహర్షి అప్పుడు మాట్లాడేవారు కాదు, జవాబులు రాసి చూపించారు. ఆ మనిషి అడగకపోతే మనకది ఆ రూపంలో చేరేది కాదు.

కిరణ్_కేఆర్‌పురం · మంగళవారం, ఉదయం 9:48

మూర్తి గారూ, మీ తప్పు ఎంట్రీ మాట నాకు బాగా తగిలింది, కాదనను. కానీ పక్క సీటు మనిషి డబ్బు తీసుకోడు కదండీ. చెకర్ కావాలి అంటే ఒప్పుకుంటాను, ఎనిమిది వేల చెకర్ కావాలా అన్నదే నా పాయింట్.

పద్మ_వేళచ్చేరి · మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను చెన్నైలో తొమ్మిదేళ్లుగా కోచ్‌గా పనిచేస్తున్నాను, నా సంపాదనే ఇది కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి.

కిరణ్ గారు చెప్పింది చాలావరకు నిజం. పద్ధతి రహస్యమేమీ కాదు. నేను కూడా రోజూ రాసుకుంటాను. పెన్నెబేకర్ అనే సైకాలజిస్ట్ 1986లో విద్యార్థులతో రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు మనసును కలచివేసిన సంగతుల గురించి రాయించి చూసిన దగ్గర్నుంచి, రాయడం వల్ల మేలుందని చాలామంది పరిశోధించారు. ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్ట్ బృందం 2014లో ఇంకొకటి చూపించింది: టెన్షన్‌లో ఉన్నప్పుడు "నేనేం చేయాలి" అనకుండా తన పేరు పెట్టి "లలిత ఇప్పుడేం చేయాలి" అన్నట్టు ప్రశ్నించుకున్నవాళ్లు కాస్త దూరం జరిగి చూడగలిగారు. ఈ రోజు రాత్రే చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇక తేడా ఎక్కడంటే, నోట్‌బుక్ ముందు కూర్చున్నప్పుడు ప్రశ్న ఎంచుకునేది మీరే. మనకు నొప్పి పుట్టే చోటుకు మన చెయ్యి దానంతటదే వెళ్లదు. నేను సెషన్‌లో చేసే పనిలో ఎక్కువ భాగం ప్రశ్న వేయడం కూడా కాదు, వినడం. ఒకరు గంటలో "చెయ్యాలి" అని ఎన్నిసార్లన్నారో, ఏ పేరు దగ్గర గొంతు తగ్గిందో, ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పక్క విషయంలోకి వెళ్లారో గమనించి వాళ్లకు తిరిగి చెప్తాను, తర్వాత నోరు మూసుకుని కూర్చుంటాను. ఆ మౌనం కొన్నిసార్లు నిమిషం దాకా సాగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నిమిషంలో లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లిపోతాం, లేకపోతే ఫోన్ చూస్తాం. ఎదురుగా మనిషి ఉంటే లేవలేం.

సందీప్ గారూ, మీకు జరిగింది చదివి బాధేసింది. ఆయన చేసింది కోచింగ్ కాదు. తన అనుభవం నుంచి దారి చెప్పేవారిని మెంటర్ అంటాం, అదీ మంచి పనే, కానీ అది వేరే పని, ఆదాయం రెట్టింపు అని మాటివ్వడం రెండింట్లోనూ లేదు. వెతుక్కునేవాళ్లు కనీసం ఇది చూడండి. 1995లో మొదలైన ఐసీఎఫ్ అనే అంతర్జాతీయ కోచ్‌ల సంస్థ ఇచ్చే గుర్తింపుల్లో మొదటిది ఏసీసీ, దానికి 60 గంటల శిక్షణ, 100 గంటలు కోచింగ్ చేసిన అనుభవం కావాలి. దాని పై మెట్టు పీసీసీకి 125, 500. అన్నిటికన్నా పైది ఎంసీసీకి 200, 2500. సర్టిఫికెట్ ఉంటే మంచి కోచ్ అయిపోరు, కానీ ఎంతమంది ముందు కూర్చున్నారో తెలుస్తుంది. డబ్బు కట్టేముందు ఒక అరగంట మాట్లాడి చూడండి, ఆ అరగంటలో ఎవరెక్కువ మాట్లాడారో గమనించండి. కంపెనీ డబ్బు కడుతుంటే మీరు చెప్పింది మీ బాస్‌కు ఎంతవరకు చేరుతుందో ముందే రాతలో అడగండి.

లలిత గారూ, అనుమతి లేకుండా అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, ఇష్టం లేకపోతే జవాబివ్వక్కర్లేదు. మీ పోస్టులో "అతని మీద నాకు కోపం లేదు" అని రాశారు. ఎవరి మీద ఉంది?

అనూష_ఎలక్ట్రానిక్‌సిటీ · మంగళవారం, రాత్రి 9:05

ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది, భాష. మా కంపెనీ నాకు నాలుగు సెషన్లు ఇప్పించింది. ఢిల్లీ ఆవిడ, చాలా మంచి కోచ్, ఇంగ్లీషులో నడిచింది. మొదటి మూడింట్లో నేను చాలా చక్కగా మాట్లాడాను, ఇంటర్వ్యూలో మాట్లాడినట్టు. పని పంచడం నేర్చుకోవాలి, హద్దులు పెట్టుకోవాలి, అన్నీ సరైన మాటలే. నాలుగో దాంట్లో ఆవిడ "ఈ ముక్క మీ భాషలో చెప్పండి, నాకు అర్థం కాకపోయినా పర్లేదు" అన్నారు. నోరు తెరిస్తే "నేను చేస్తే గానీ ఆ పని ఎవరూ సరిగా చెయ్యరని మా అమ్మ అన్నట్టే అంటున్నా" అని వచ్చింది. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంగ్లీషులో అమ్మ ఎప్పుడూ రాలేదు.

నోట్‌బుక్‌లో మీరు ఏ భాషలో రాస్తున్నారు లలితక్కా?

నీలిమ_జయనగర్ · మంగళవారం, రాత్రి 10:30

నేను కౌన్సెలింగ్ రంగంలో ఉన్నాను, చిన్న మాట. ఐదు నెలలుగా ఒకే ఆలోచన తిరుగుతోందన్నారు కాబట్టి అడుగుతున్నా: నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి? రెండు వారాలకు మించి నిద్ర చెడినా, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోయినా, అప్పుడు నోట్‌బుక్కూ కాదు కోచ్ కూడా కాదు, డాక్టర్‌కో క్లినికల్ సైకాలజిస్ట్‌కో చూపించుకోవాలి. కోచ్‌లా కాకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌కు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడొచ్చు. మన ఊళ్లోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇది మీ కోసమే కాదు, ఇక్కడ చదివే అందరి కోసం రాస్తున్నాను.

లలిత_మారతహళ్ళి · గురువారం, రాత్రి 11:45

రెండు రోజులు జవాబివ్వలేదు, క్షమించండి. నీలిమ గారూ, నిద్ర బాగానే ఉంది, అడిగినందుకు థ్యాంక్స్. అనూషా, నేను రాసేది ఇంగ్లీషులో. నువ్వు అడిగేదాకా ఆ సంగతి నేను గమనించనేలేదు.

పద్మ గారి ప్రశ్న చదివి ముందు ఫోన్ పక్కన పెట్టేశాను. "ఎవరి మీదా లేదు" అని టైప్ చేసి చెరిపేశాను. తర్వాత మా మేనేజర్ మీద అనుకున్నాను, నిన్నంతా అదే జవాబు అనుకుంటూ తిరిగాను. ఈ రాత్రి తెలుగులో, నా పేరు పెట్టి రాశాను. "లలితకు ఎవరి మీద కోపం?" నాలుగు లైన్లు రాశాక ఇది వచ్చింది. ఫిబ్రవరిలో మా మేనేజర్ నన్ను పిలిచి "వచ్చే ఏడాది నువ్వేం చేయాలనుకుంటున్నావ్" అని అడిగారు. నేను "ఏదైనా పర్లేదు సార్, టీమ్‌కు ఏది అవసరమైతే అది" అన్నాను. అడిగిన రోజు అడిగినాయనకు నాకు ఆ పోస్టు కావాలని చెప్పలేదు. ఆ అబ్బాయి చెప్పి ఉంటాడు.

రెండు నోట్‌బుక్‌లూ మళ్లీ వెతికాను. ఫిబ్రవరి మీటింగ్ గురించి ఒక్క లైన్ కూడా లేదు.

మూర్తి_మైలాపూర్ · శుక్రవారం, ఉదయం 6:10

దొరికిందమ్మా నీ 9. కానీ ఒకటి, "ఏదైనా పర్లేదు" అనమని మన ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పింది మేమే. అది పూర్తిగా నీ తప్పుగా రాసుకోకు.

కిరణ్_కేఆర్‌పురం · శుక్రవారం, ఉదయం 8:20

అక్కా, చదివి కాసేపు ఏం రాయాలో తెలియలేదు. నా "ఏమిటి" ప్రశ్న వేసుకున్నా ఫిబ్రవరి మీటింగ్ దాకా వెళ్లేదానివి కాదేమో. రబ్బరు బాతు గురించి కూడా ఆలోచించాను. కోడ్‌లో తప్పు దాక్కోవాలని చూడదు, మనిషి విషయంలో తప్పు కూడా మనమే, వెతికేదీ మనమే. ఈ తేడా నేను పట్టించుకోలేదు.

అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. పద్మ గారి ప్రశ్న ఉచితంగానే వచ్చింది.

పద్మ_వేళచ్చేరి · శుక్రవారం, ఉదయం 11:00

అవును, అందులో నా గొప్పేం లేదు. నేను లలిత గారిని కాను, అంతే. మూర్తి గారు చెప్పిన పక్క సీటు. అందుకే డబ్బు ఇబ్బందైతే నేను నా క్లయింట్లకే చెప్పే మాట: ఇద్దరు కలిసి ఒకరికొకరు చేసుకోండి. ఒకరికి ముప్పై నిమిషాలు, తర్వాత రెండోవారికి ముప్పై. అడిగేవారు సలహా ఇవ్వకూడదు, "నాకూ ఇలాగే జరిగింది" అనకూడదు, ఈ రెండోదే చాలా కష్టం, స్నేహితులైతే మరీ కష్టం. భర్త, అన్నదమ్ములు, ఒకే టీమ్‌లో పనిచేసేవాళ్లు వద్దు, మీ నిర్ణయం వల్ల వాళ్లకు లాభమో నష్టమో ఉంటుంది, ప్రశ్న అటే వంగుతుంది.

డబ్బిచ్చి కోచ్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, అలాంటి జంట దొరకనప్పుడు, విషయం పెద్దదై గడువు దగ్గరపడినప్పుడు, లేదా జంటలో ఇద్దరూ ఒకే గోతిలో ఉన్నప్పుడు. మేనేజర్ కాలేకపోయిన ఇద్దరు కలిస్తే ఒకరి బాధను ఒకరు ఒప్పేసుకుంటారు, ప్రశ్న పుట్టదు. ఇంకా ఒకటి, ఆరు సెషన్లూ ఒకేసారి కొనక్కర్లేదు. రెండు చేసి చూస్తానని అడగండి. ఒప్పుకోకపోతే అది కూడా మీకొక సమాచారమే.

అనూష_ఎలక్ట్రానిక్‌సిటీ · శుక్రవారం, మధ్యాహ్నం 1:15

లలితక్కా, మీకు ఓకే అయితే మనిద్దరం చేద్దాం. వేరే కంపెనీలు, వేరే గోతులు. తెలుగులోనే. ఆదివారం ఉదయం కబ్బన్ పార్క్, లైబ్రరీ వెనక బెంచీలు ఖాళీగా ఉంటాయి.

లలిత_మారతహళ్ళి · మూడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఎవరైనా తర్వాత ఈ చర్చ వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నాను. అనూష, నేను మూడు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి వారం ఇద్దరం సలహాలే ఇచ్చుకున్నాం, నియమం గుర్తు చేసుకుని మధ్యలో ఆపేశాం. రెండో వారం తను అడిగింది, "ఆ పోస్టు వచ్చుంటే నీ రోజులోంచి ఏం పోయేది?" చాలాసేపు జవాబు రాలేదు, తను కూడా ఏం మాట్లాడకుండా చెట్లు చూస్తూ కూర్చుంది. కొత్త పిల్లల పక్కన కూర్చుని బగ్ ఎలా వెతకాలో చూపించే సమయం పోతుంది అని వచ్చింది. అది పోవడం నాకు ఇష్టం లేదు. పోస్టు కావాలి, అది పోకూడదు. రెండూ కలిసి ఉండేలా అడగొచ్చని ఐదు నెలల్లో నాకు తోచలేదు.

మొన్న బుధవారం మా మేనేజర్‌ను టైమ్ అడిగాను. వచ్చే ఏడాది నాకేం కావాలో ఈసారి స్పష్టంగా చెప్పాను, గొంతు వణికింది, అయినా చెప్పాను. ఆయన వెంటనే ఏ మాటా ఇవ్వలేదు, రాసి పంపమన్నారు. అది రాయడానికి ముందు ఇందిరానగర్ కోచ్‌తో రెండు సెషన్లు మాట్లాడుకున్నాను, 16 వేలు. మా ఆయనకు ఫిబ్రవరి సంగతి చెప్పాక ఆయనే "వెళ్లిరా" అన్నారు. నోట్‌బుక్ ఆపలేదు. తెలుగులో నడుస్తోంది, మూడోది మొదలైంది.

సందీప్_హెచ్ఎస్ఆర్ · ఆదివారం, సాయంత్రం 5:05

చాలా సంతోషం లలిత గారూ. నాకూ ఒక జంట కావాలి, హెచ్ఎస్ఆర్ లేదా కోరమంగళ వైపు, సొంత కంపెనీ లేనివాళ్లైతే మంచిది. మూసేసిన కంపెనీ గురించి ఇప్పటిదాకా ఎవరితోనూ గంటసేపు మాట్లాడలేదు.

కిరణ్_కేఆర్‌పురం · ఆదివారం, సాయంత్రం 5:30

అన్నా, నేనొస్తా. కేఆర్ పురం నుంచి కాస్త దూరమే, అయినా ఆదివారం పొద్దున ట్రాఫిక్ ఉండదు. సలహా ఇవ్వబోతే చెయ్యెత్తి ఆపేయ్, నాకు ఆ అలవాటుంది.

మూర్తి_మైలాపూర్ · ఆదివారం, రాత్రి 7:00

చెన్నైలో ఎవరైనా ఉన్నారా? వయసు 68. రిటైరయ్యాక ఏం చేయాలన్నది ఏడేళ్లుగా తేల్చుకోలేదు. మైలాపూర్ ట్యాంక్ దగ్గరైనా, మెరీనా దగ్గరైనా, పొద్దున ఆరింటికి నేను సిద్ధం.